కుక్కర్ రబ్బరుకీ కారు ఇంజన్‌కీ ఒకటే న్యాయం

ఏమండీ, మీ ఇంట్లో కుక్కర్ రబ్బరు ఎన్నాళ్లకోసారి మారుస్తారు? ఏడాదికా, రెండేళ్లకా? క్యాలెండర్ చూసి మార్చేవాళ్లు మనలో తక్కువే. మూత పక్కనుంచి బుస్సుమని ఆవిరి పోతూ, మూడు విజిళ్లు రావలసిన చోట ఒక్కటి కూడా రాకపోతే మనకే తెలిసిపోతుంది, రబ్బరు గట్టిపడిపోయిందని. కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి ఆ పూటకి ఎలాగో గడుపుకుంటాం. మర్నాడు బజారుకెళ్లి కొత్త రబ్బరు తెచ్చుకుంటాం. అంతేగానీ ఆవిరి పోతోందని కుక్కర్నే పాత సామాన్లవాడికి వేసెయ్యం కదా!

సరిగ్గా ఇదే న్యాయం కారు ఇంజన్‌కి కూడా వర్తిస్తుందంటే కొందరు నవ్వుతారు. "వంటింటి పేజీల్లో ఈ ఇంజన్ గోలేమిటి?" అని విసుక్కునేవాళ్లూ ఉంటారు. కానీ ఈ రోజుల్లో పిల్లల్ని బడికి దింపేదీ, పెద్దవాళ్లని ఆసుపత్రికి తీసుకెళ్లేదీ, బియ్యం బస్తా డిక్కీలో వేసుకొచ్చేదీ చాలా ఇళ్లల్లో మనమే. బండి తోలేది మనమైనప్పుడు, దానికి జబ్బు చేస్తే డాక్టరు చెప్పేది అర్థం చేసుకోవలసిందీ మనమే.

మాది పదకొండేళ్ల పెట్రోల్ కారు. మా అత్తగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. భవానీపురం నుంచి ఆవిడని ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకురావడం నా పని. ఒకరోజు కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి ఎక్కిళ్లు పెట్టినట్టు కుదుపులు మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ తొక్కినా ఊపందుకోదు. ఎదురుగా మీటర్ల దగ్గర ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు లైటు వెలిగింది. దిగువకి వచ్చాక కొంచెం సర్దుకుంది గానీ, సిగ్నల్ దగ్గర ఆపితే సీటు కింద ఎవరో వణుకుతున్నట్టు ఒకటే అదురు. వెనక సీట్లో అత్తగారు "ఏమే, బండికి కూడా నాలాగే చలిజ్వరం వచ్చిందా?" అన్నారు.

మర్నాడు ఇంటి దగ్గర షెడ్డుకి తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్కు బానెట్ ఎత్తి, ఇంజన్ పైనున్న ఒక నల్లటి ముక్కని పైకి లాగాడు. దాని చివర నూనె కారుతోంది. లోపల టార్చి వేసి చూపించాడు. గుంట నిండా నల్లటి నూనె.

"ప్లగ్గులు ఆయిల్లో మునిగిపోయాయి మేడం. రింగులు పోయుంటాయి. ఇంజన్ దించాల్సిందే. తక్కువలో తక్కువ 40,000 పెట్టుకోండి. పది రోజులు పడుతుంది" అన్నాడు.

నలభై వేలు అంటే మాకు అమ్మాయి కాలేజీ ఫీజులో ఒక టర్ము. దానికన్నా ముందు, పది రోజులు బండి లేకపోతే అత్తగారిని నాలుగైదు విడతలు ఆటోలో తిప్పాలి. డయాలసిస్ అయ్యాక ఆవిడ కూర్చోడానికే ఓపిక ఉండదు. మావారికి ఫోన్ చేస్తే "ఇంకొకళ్లకి చూపిద్దాం, తొందరపడకు" అన్నారు. అనుకున్నట్టుగానే ఆటోనగర్లో ముప్పై ఏళ్లుగా పెట్రోల్ ఇంజన్లు చేస్తున్న ఒక పెద్ద మేస్త్రీగారి దగ్గరికి వెళ్లాం.

ఆయన ముందు ఇంజన్ చల్లారనిచ్చారు. తర్వాత గుంటలోని నూనెని ఇంజక్షన్ సిరంజికి సన్నటి గొట్టం తగిలించి పీల్చేశారు. మిగిలింది పాత నూలుగుడ్డతో అద్ది తీశారు. అప్పుడు గానీ ప్లగ్గు విప్పలేదు. విప్పి, నా అరచేతిలో గుడ్డ పరిచి, దాని మీద పెట్టారు.

"చూడమ్మా. ఈ తెల్ల పింగాణీ ఉన్న వైపు ఇంజన్ బయట ఉంటుంది. ఇదంతా నూనె. ఈ చివర, నిప్పు పుట్టే మొన, ఇంజన్ లోపల ఉంటుంది. ఇది చూడండి, పొడిగా, బిస్కట్ రంగులో ఉంది. రింగులు పోతే నూనె ఇక్కడుండాలి, అక్కడ కాదు. మీ ఇంజన్‌కేం కాలేదు. పైన రబ్బర్లు ఎండిపోయాయంతే."

ఆ ఒక్క ముక్కలో మొత్తం విషయం ఉంది. అది మీకు కూడా వివరంగా చెబుతాను.

పెట్రోల్ ఇంజన్లో పెట్రోలు, గాలి కలిసిన ఆవిరిని అంటించడానికి ఒక నిప్పురవ్వ కావాలి. గ్యాస్ పొయ్యికి మనం లైటర్ కొట్టినట్టే. ఆ లైటరే స్పార్క్ ప్లగ్గు. నాలుగు సిలిండర్లుంటే నాలుగు ప్లగ్గులు, మూడుంటే మూడు. బండి నిలకడగా ఆగి ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతున్నప్పుడు కూడా ఒక్కో ప్లగ్గు నిమిషానికి 400 సార్లు నిప్పు కొట్టాలి. రోడ్డు మీద 3,000 చుట్లకి వెళితే సెకనుకి 25 సార్లు. ఎంత చాకిరీయో చూడండి!

వెనకటి అంబాసిడర్లలో, పద్మినీల్లో ఈ ప్లగ్గులు ఇంజన్ పక్కన బయటికే కనిపించేవి. ఇప్పటి చాలా కార్లలో ప్లగ్గు సిలిండర్ నెత్తిన సరిగ్గా మధ్యలో కూర్చుంటుంది. పెట్రోలు బాగా మండాలంటే అదే మంచి చోటు. కానీ దాని దగ్గరికి చేరాలంటే పైనుంచి జానెడు లోతు గొట్టంలోంచి వెళ్లాలి. మెకానిక్కులు ప్లగ్ హోల్ అంటారు. మనం ప్లగ్గు గుంట అనుకుందాం. ఈ గుంట చుట్టూ వాల్వులు, వాటిని తొక్కే క్యామ్‌షాఫ్ట్ ఉంటాయి. వాటి మీద ఎప్పుడూ ఇంజన్ ఆయిల్ చిమ్ముతూనే ఉంటుంది. పైన మూత ఉంటుంది. దాన్ని టాపెట్ కవర్ అంటారు. ఆ మూత అంచు చుట్టూ ఒక రబ్బరు ప్యాకింగు, ఒక్కో గుంట చుట్టూ గాజు సైజులో ఒక్కో రబ్బరు సీలు. నూనె గుంటలోకి రాకుండా కాపాడేది ఆ చిన్న గాజు రబ్బరే.

ఇంజన్ వేడికీ, నూనెకీ ఏళ్ల తరబడి నానీ కాగీ ఆ రబ్బరు బిగుసుకుపోతుంది. గోటితో గిల్లితే ప్లాస్టిక్కులా టకటకమంటుంది. అప్పుడు నూనె దాని పక్కనుంచి జారి గుంటలో చేరుతుంది. వయసు మీదపడ్డ బండికి ఇది రావడం వింతేమీ కాదు. ఆయిల్ వేళకి మార్చకుండా నల్లగా అయిందాకా నడిపితే ఇంకా ముందే వస్తుంది.

ఇంకో కారణం కూడా మేస్త్రీగారు చెప్పారు. అది మనకి చిటికెలో అర్థమవుతుంది. కుక్కర్లో వెయిట్ కింది గొట్టం పప్పు పొట్టుతో మూసుకుపోతే ఏమవుతుంది? ఆవిరి పోవలసిన దారిలో పోక మూత పక్కనుంచి తన్నుకొస్తుంది. ఇంజన్లోనూ అంతే. పిస్టన్ల పక్కనుంచి కిందకి దిగే పొగా ఆవిరీ బయటపడడానికి ఒక చిన్న వాల్వు ఉంటుంది. పీసీవీ వాల్వు అంటారు, కొందరు బ్రీదర్ అంటారు. అది మడ్డితో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి నూనెని సీళ్ల సందుల్లోంచి బయటికి నెడుతుంది. కొత్త రబ్బర్లు వేసి, ఈ వాల్వుని మాత్రం చూడకుండా వదిలేస్తే కొన్నాళ్లకి కథ మళ్లీ మొదటికొస్తుంది. ఆయిల్ కొలతకి మించి పోసినా అనర్థమే. కొలకడ్డీ మీద రెండు గీతలుంటాయి కదా, నూనె ఆ రెంటి మధ్యన ఉండాలి.

మరి గుంటలో నూనె ఉంటే బండి ఎందుకు కుదుపుతుంది? ప్లగ్గు నెత్తిన కాయిల్ అని ఒకటి కూర్చుంటుంది. బ్యాటరీ నుంచి వచ్చే 12 వోల్టులని ఇరవై వేల వోల్టులు దాటించి ప్లగ్గుకి అందించడం దాని పని. ఆ కరెంటు పక్కకి పోకుండా దాని కిందిభాగానికి పొడుగాటి రబ్బరు తొడుగు ఉంటుంది. నూనెలో రోజుల తరబడి నానితే ఆ తొడుగు ఉబ్బి, మెత్తబడి, పగుళ్లిస్తుంది. కరెంటు ప్లగ్గు మొనదాకా పోకుండా ఆ పగుల్లోంచి పక్కనున్న ఇనుముకి దూకేస్తుంది. నిప్పు పడదు, ఆ సిలిండర్ పనిచెయ్యదు. నలుగురు మోసే పల్లకీలో ఒకడు భుజం తీసేసినట్టన్నమాట. ఎత్తు ఎక్కేటప్పుడూ, ఏసీ వేసినప్పుడూ బరువెక్కువ కాబట్టి ఆ కుంటి నడక అప్పుడే ఎక్కువ తెలుస్తుంది. దీన్నే మెకానిక్కులు "మిస్ కొడుతోంది" అంటారు. సీఎన్‌జీ బండ్లకి ఇంకా గట్టి నిప్పు కావాలి గనక వాటిలో ముందే బయటపడుతుంది. డీజిల్ కార్లకి స్పార్క్ ప్లగ్గులే ఉండవు, ఆ బండి ఉన్నవాళ్లకి ఈ బెడద లేదు.

"ఎలాగో నడుస్తోంది కదా, పండగ వెళ్లాక చూద్దాం" అని మాత్రం అనుకోకండి. మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి, అక్కడున్న క్యాటలిటిక్ కన్వర్టర్ అనే పొగశుద్ధి డబ్బాలో మండి దాన్ని కాల్చేస్తుంది. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోల్ కార్లతో మొదలై, ఇప్పుడు అన్ని పెట్రోల్ కార్లకీ ఈ డబ్బా ఉంటోంది. రబ్బరు సీళ్ల ఖర్చు ముందు దాని ఖర్చు ఎన్నో రెట్లు. ఇంజన్ బొమ్మ లైటు నిలకడగా వెలిగితే ఒకటి రెండు రోజుల్లో చూపించుకోవచ్చు. అదే టపటపా కొట్టుకుంటుంటే మిస్ బాగా ఎక్కువగా ఉందని అర్థం. బండి పక్కకి తీసి ఆపెయ్యడమే మంచిది. ఇక కవర్ అంచునుంచి కారే నూనె వేడి పొగగొట్టం మీద పడి మాడు వాసన వస్తుంటే అసలే ఆలస్యం చెయ్యకూడదు. అది నిప్పుతో వ్యవహారం.

మేస్త్రీగారు ఆ తర్వాత ఏం చేశారో కూడా చెబుతాను. మీ బండికి చేయించేటప్పుడు ఏం చూసుకోవాలో తెలుస్తుంది. ముందు స్కానర్ పెట్టారు. పి-0302 అని వచ్చింది. చివరి అంకె సిలిండర్ నెంబరు. అంటే రెండోది మిస్ కొడుతోందని. ఆ రెండో కాయిల్ తీసి మూడోదానికి, మూడోది రెండోదానికి మార్చి పెట్టారు. ఇప్పుడు పి-0303 వచ్చింది. "జబ్బు కాయిల్‌తోపాటే నడిచి వచ్చింది, కాబట్టి ఈ కాయిల్ పోయింది, మిగతా మూడూ బాగున్నాయి" అన్నారు. ఈ చిన్న పరీక్ష చెయ్యకుండా నాలుగు కాయిళ్లూ మార్చేస్తే ఎంత దండగో ఆలోచించండి.

తర్వాత టాపెట్ కవర్ విప్పి, పాత ప్యాకింగు, సీళ్లు తీసేశారు. ప్యాకింగు చేత్తో వంచగానే అప్పడంలా పుటుక్కున విరిగింది. ప్యాకింగు కూర్చునే గాడి, హెడ్డు అంచు గుడ్డతో బాగా తుడిచారు. కొత్త సెట్టు వేశారు. "పేస్టు బాగా పట్టించెయ్యండి మేస్త్రీగారూ, మళ్లీ కారకుండా" అని మావారంటే ఆయన ఒప్పుకోలేదు. "ఎక్కువ పూస్తే ముక్కలు ఊడి ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడతాయి సార్. మూలల్లో కంపెనీ చెప్పిన రెండు చోట్ల చుక్కంత చాలు" అన్నారు.

బోల్టులు కూడా బలం కొద్దీ బిగించలేదు. మధ్యలోంచి మొదలుపెట్టి అంచులకి, కొంచెం కొంచెంగా రెండు మూడు విడతల్లో, కొలత చూపించే రెంచితో బిగించారు. ఆ చిన్న బోల్టులకి చాలా బండ్లలో 10 న్యూటన్ మీటర్లకి అటూ ఇటూ సరిపోతుందట. గట్టిగా బిగిస్తే కారడం ఆగుతుందనుకుంటారు గానీ, రబ్బరు నలిగిపోయి, కవర్ వంగిపోయి, ఇంకా ఎక్కువ కారుతుంది. ఊరగాయ జాడీ మూతకి గుడ్డ కట్టేటప్పుడు ఒకవైపే లాగి కడితే రెండోవైపు వదులైనట్టు.

బిల్లు రాసి చూపిస్తాను. ప్యాకింగు, సీళ్ల సెట్టు 1,150. పీసీవీ వాల్వు 350. నాలుగు ప్లగ్గులు 880, అవి ఎలాగూ మార్చే వేళయింది. కాయిల్ ఒకటి 2,300. కూలి 800. మొత్తం 5,480 రూపాయలు. పొద్దున్న పదికి ఇచ్చిన బండి మధ్యాహ్నం మూడుకల్లా చేతికొచ్చింది. మర్నాటి డయాలసిస్‌కి మామూలుగానే వెళ్లాం. బండిని బట్టీ ఊరిని బట్టీ ఈ లెక్క మారుతుంది. కొన్ని మోడళ్లలో సీళ్లు విడిగా దొరకవు, కవర్లోనే అతికించి వస్తాయి. అప్పుడు కవర్ మొత్తం మార్చాలి, ఖర్చు పెరుగుతుంది. ఇంకొన్నిటిలో గొట్టం అడుగున కూడా ఒక ఓరింగు ఉంటుంది. పైన మార్చినా గుంటలో నూనె ఊరుతుంటే దాన్ని అనుమానించాలి. ఎలా చూసినా ఇంజన్ దించడం మాట వేరు, ఇది వేరు.

మొదట చూసిన షెడ్డతన్ని నేను మోసగాడని అనను. రింగులు పోయిన ఇంజన్లు లోకంలో లేకపోలేదు. వాటి లక్షణాలు వేరు. పొగగొట్టంలోంచి నీలంపొగ వస్తుంది, కింద చుక్క కారకుండానే నెలనెలా ఆయిల్ తగ్గిపోతుంది, ప్లగ్గు మొన నల్లగా జిడ్డుగా ఉంటుంది. అలాంటప్పుడు ఇంజన్ పని తప్పదు, అనవసరంగా మేస్త్రీతో పోట్లాడకూడదు కూడా. కానీ అది ఇదా, ఇది అదా అని తేల్చుకోకుండా 40,000 కి తలూపడం మాత్రం ఇల్లు నడిపేవాళ్లు చెయ్యవలసిన పని కాదు. ముద్దపప్పు అడుగంటిందని చెబితే "పైన ఎలా ఉంది?" అని అడిగే మనం, ప్లగ్గు నూనెలో ఉందంటే "పైనా, కిందా?" అని అడగలేమా?

ఇదంతా విని మీరే పానా పట్టుకుని దిగమని నేను చెప్పడం లేదు. ముఖ్యంగా నూనె తియ్యకుండా ప్లగ్గు విప్పడం ఎవరు చేసినా ఆపండి. గుంటలోని నూనె, మట్టి అంతా సిలిండర్లోకి జారిపోతుంది. నూనె వరకైతే కాసేపు పొగ వచ్చి పోతుంది, ఇసుక రేణువులు పడితే మాత్రం నునుపైన గోడలని గీకేస్తాయి. వేడి ఇంజన్ మీద ప్లగ్గు విప్పడమూ మంచిది కాదు, మరలు పాడవుతాయి. అలాగే, గుంట తుడిచి, ప్లగ్గు తుడిచి "అయిపోయిందమ్మా, 300 ఇవ్వండి" అనేవాళ్ల దగ్గర ఆ పూటకి బండి నడుస్తుంది గానీ, సీళ్లు మారనిదే నూనె మళ్లీ వస్తుంది.

మీరు చెయ్యవలసింది చిన్న పని. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు "కాయిళ్లు లేపి, ప్లగ్గు గుంటలు పొడిగా ఉన్నాయో లేదో నా ఎదుట చూపించండి" అని అడగండి. పది నిమిషాల పని. తడి కనిపిస్తే, బండి కుదపకముందే సీళ్లు మార్పించెయ్యండి. అప్పటికి కాయిల్ ఇంకా పాడై ఉండదు గనక ఆ ఖర్చూ మిగులుతుంది. ఆయిల్ మాత్రం బండి పుస్తకంలో రాసిన గడువుకే మార్చండి. ఇప్పటి చాలా పెట్రోల్ కార్లకి అది 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. మార్చిన పాత రబ్బర్లు, పాత కాయిల్ మీకు చూపించమని అడగండి. ఇవ్వకపోతే మారలేదని అనుమానించాల్సిందే.

పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుకునే పుస్తకం మనందరికీ ఉంటుంది. అందులోనే ఒక పేజీ కారుకి కేటాయించండి. ఏ రోజు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏది మార్చారు, ఎంతయింది అని నాలుగు ముక్కలు రాసిపెట్టండి. రేపు ఎవరైనా "ఇంజన్ దించాలి మేడం" అంటే, ఆ పేజీ తెరిచి, చేతిలో ప్లగ్గు పట్టుకుని, నెమ్మదిగా ఒకే ఒక్క మాట అడగండి: "నూనె ఎక్కడినుంచి వస్తోందండీ?" జవాబు సూటిగా వస్తే పని అక్కడే చేయించండి. నీళ్లు నమిలితే బండి తాళం అడిగి తీసుకుని, ఇంకో షెడ్డుకి వెళ్లండి.